కాపుదల కోరే ప్రార్థన

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మన ఇళ్లలో నిత్య ప్రార్థన ఎలా జరుగుతుందో ఒక్కొక్కరు చెప్పాలని కార్యదర్శి గారు కోరారు. క్రైస్తవుల వంతు నాకు వచ్చింది. నేను పాస్టరును కాను, రెవెన్యూ శాఖలో ఫైళ్లు మోసిన గుమాస్తాను. కనుక ఉపదేశం జోలికి పోకుండా మా ఇంటి సంగతే చెబుతాను.

మా ప్రార్థనల్లో తరచుగా వినిపించే మాట 'కాపుదల'. పొద్దున లేవగానే రాత్రంతా కాచినందుకు స్తోత్రం. గడప దాటేటప్పుడు రాకపోకల్లో కాపుదల. పడుకునే ముందు మళ్లీ అదే. 91వ కీర్తన, 121వ కీర్తన చాలా ఇళ్లలో పిల్లలకు కంఠస్థం చేయిస్తారు. 91వ కీర్తన దగ్గర బైబిలు తెరిచి తలగడ కింద పెట్టుకునేవారిని కూడా చూశాను. అది నాకు నచ్చదు. తాయెత్తుకూ దానికీ తేడా ఏమున్నది? మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీది నుండి దూకమన్న సాతాను ఆ కీర్తనలోని వాగ్దానాన్నే చూపించాడు. యేసు దూకలేదు. హెల్మెట్ లేకుండా బండి తీసే మా మనుమడికి ఈ కథ నెలకు రెండుసార్లైనా చెబుతుంటాను.

ఇక అసలు విషయం. 1979లో నేను ఎల్లారెడ్డి తాలూకా కార్యాలయంలో పనిచేస్తూ కామారెడ్డి నుండి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. మా ఇంటావిడ గేటు దగ్గర నిలబడి ప్రార్థన చేసి పంపేది. ఒకనాడు పాపకు జ్వరం వచ్చి ఆలస్యమైంది, బస్సు తప్పిపోయింది. లింగంపేట దాటినంక ఆ బస్సు రోడ్డు దిగి పల్టీ కొట్టింది. మా ఆఫీసు అటెండరు అందులో ఉన్నాడు. కాలు విరిగింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. పాటలు పాడాం, అందరికీ చాయ ఇచ్చాం. రెండు రోజులకు పండ్లు తీసుకుని దవాఖానకు పోయాను. దేవుడు నన్నెట్లా తప్పించాడో చెప్పుకొచ్చాను. అటెండరు భార్య అంతా విని మెల్లగా అడిగింది: "మంచిది సారూ. మా ఆయన గూడ పొద్దుగాల దేవునికి దండం పెట్టుకునే ఎల్లిండు. మరి ఆయనను ఎవ్వరు చూడలేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఈనాటికీ లేదు. ఇంటికొచ్చి చెబితే మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాకూ తెల్వదు. కాని మన ప్రార్థనల వాళ్ల పేరు ఒక్కనాడన్న తీసినమా?" అన్నది. తీయలేదు. యేసు నేర్పిన ప్రార్థనలో కీడు నుండి తప్పించమని అడిగేది 'మమ్మల్ని' అనే గాని 'నన్ను' అని కాదు. ఎన్నోసార్లు వల్లించి కూడా నేను గమనించలేదు.

అప్పటి నుండి ఆమె ప్రార్థనలో డ్రైవరు, కండక్టరు, అటెండరు, పాలు పోసే ఆయన అందరూ చేరారు. పట్టిక మా ఆఫీసు డిస్పాచ్ రిజిస్టరు కంటే పెద్దదైంది. నాకు బస్సు దొరకదేమోనని తొందర, ఆమెకు ఎవరి పేరూ తప్పిపోకూడదని పట్టుదల.

మన ఎల్లారెడ్డి వారికి మెదక్ చర్చి దూరం కాదు. కరువు కాలంలో పాస్నెట్ దొరగారు కూలీలకు పని, తిండి దొరికేటట్టు ఆ కట్టడం సాగించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు నుండి కాపాడమని మొర పెట్టుకున్నవారికి కాపుదల కూలి రూపంలో వచ్చిందని మా పెద్దలు అనేవారు.

మొన్న 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాటి వాన మీకందరికీ ఎరుకే. అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 1922 నాటి పోచారం కట్ట తెగుతుందేమోనని అంతా భయపడ్డాం, అది నిలిచింది. మా ఇంటి రెండో మెట్టు దాకా నీళ్లు వచ్చి ఆగాయి. దిగువ వరుసలో ఇళ్లు మునిగాయి. ఆ రాత్రి రెండు కుటుంబాలు మా ఇంట్లోనే పడుకున్నాయి. ఒకరి పిల్లగాడి సర్టిఫికెట్లు తడిస్తే ఫ్యాను కింద ఆరబెట్టాం.

తరువాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. మా ఇల్లు కాపాడాడని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. దిగువ వరుస వాళ్లలో ముగ్గురు మా ఎదురుగానే కూర్చున్నారు. వాళ్ల పేర్లు చెప్పి, వాళ్లకు ఏమేమి కావాలో చెప్పి కూర్చున్నాను. బియ్యం, దుప్పట్లు ఆ సాయంత్రమే పోగయ్యాయి.

వాన రాత్రి నాకు ఎల్లారెడ్డి నుండి ఒక ఫోను వచ్చింది. ఆ అటెండరు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఫోను చేసింది ఆయన భార్య. "సారూ, మంచిగున్నరా? మీ ఇంటోళ్లందరి పేర్లు తీసి దండం పెట్టిన" అన్నది. ఫ్యామిలీ పెన్షనరుగా ఆమె ఈ సభకు కూడా వచ్చింది, అటు మహిళల వైపు కూర్చున్నది.