పాత లెన్సుకు కొత్త ఎస్టిమేటు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో 'విశ్రాంత జీవితం – వ్యాపకాలు' అనే అంశంపై ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను వక్తను కాను. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు డ్రాయింగు బల్ల ముందు గీతలు గీసి బయటపడినవాణ్ణి. రిటైరయ్యాక పక్షుల ఫోటోలు తీయడం వ్యాపకంగా పెట్టుకున్నాను. ఆ వ్యాపకంలో కిందటి సంక్రాంతికి నాకు ఎదురైన ఒక చిన్న సమస్యను మీ ముందు పెడతాను. ఒక పాత టెలిఫోటో జూమ్ లెన్సు కొనాలా, వద్దా అన్నదే ఆ సమస్య.

ఆ లెన్సు మన మిత్రుడిది. పేరు చెప్పను గాని మీలో చాలామందికి తెలుసు. మన పదవీ విరమణ సభల్లో దండలతో కూర్చున్న ప్రతివాడికీ ఫోటో తీసింది ఆయనే. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన భార్యను నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. పండక్కి ముందు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ఆయన పెద్ద లెన్సు బీరువాలో అట్లాగే ఉంది. మీరైతే వాడతారు. ఎంతో కొంత ఇచ్చి తీసుకెళ్లండి" అన్నది.

అది కెనాన్ 100–400 మిల్లీమీటర్ల లెన్సు. 1998లో వచ్చిన మొదటి రకం. జూమ్ కోసం తిప్పనక్కరలేదు, ముందుకు తోసి వెనక్కు లాగాలి. 2014లో దీని తరువాతి రకం వచ్చింది. నా దగ్గరున్న కెమెరా కూడా అదే కంపెనీది కనుక నేరుగా అమరుతుంది. ఇంకేం కావాలి అనిపించింది. మా ఆవిడ మాత్రం, "మొన్ననే కదా శుక్లాల ఆపరేషన్ చేయించుకుని కంట్లో కొత్త లెన్సు వేయించుకున్నారు, అది చాలదా?" అన్నది.

చూసి వద్దామని వెళ్లాను. తోలు సంచీలోంచి లెన్సు తీసి చేతిలో పెట్టింది. "ధర ఎంతమ్మా?" అంటే, "నాకేం తెలుసు, మీరు ఎంత చెబితే అంత" అన్నది. సభాముఖంగా ఒప్పుకుంటున్నాను, పదిహేను వేలు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతకు రెట్టింపు పైనే పలుకుతుందని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. అప్పుడే ఆమె నాకు కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ గొంతు దిగుతుంటే ఆ మాట కూడా దానితో పాటే వెనక్కు దిగిపోయింది. "ఒక వారం నా దగ్గర ఉంచుకుని పరీక్షించి చెబుతాను" అని పుచ్చుకుని వచ్చాను.

మన శాఖలో ఎస్టిమేటు లేకుండా పని మొదలుపెట్టం కదా. దీనికీ ఎస్టిమేటు వేశాను. ఇది మీకో, మీ పిల్లలకో పనికివస్తుందని వివరంగా చెబుతున్నాను.

మొదటిది, స్థల పరిశీలన. గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చి లైటును లెన్సు వెనకనుంచి వేసి, ముందువైపునుంచి ఏటవాలుగా చూశాను. నాలుగు దుమ్ము రేణువులు కనిపించాయి. వాటివల్ల ఫోటోకు నష్టం లేదు. కాని లోపలి అద్దం అంచున సాలెగూడులాగా సన్నని పోగులు కనిపించాయి. అదే ఫంగస్, అంటే బూజు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచీ ఆ తేమను పీల్చి దాచుకుంటుంది. మూడేళ్లు వెలుగూ గాలీ లేకుండా బీరువాలో ఉంటే బూజు పట్టక ఏమవుతుంది? ఇది అంచునే ఉంటే మామూలు ఫోటోలో తెలియదు. ఎండకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. శుభ్రం చేయించవచ్చు. అయితే బూజు అద్దం మీది పూతను తినేసి ఉంటే ఆ మచ్చ పోదు.

తరువాత ముందు అంచున సొట్ట ఉందేమో చూశాను. సొట్ట ఉంటే కిందపడిందని అర్థం. కెమెరాకు తగిలించే బంగారు రంగు స్పర్శబిందువులు శుభ్రంగా ఉన్నాయా, ఫోకసు తడబడకుండా అందుకుంటున్నదా అని చూశాను. గోడకు దినపత్రిక అంటించి, లెన్సు పూర్తిగా తెరిచి, నాలుగు మూలలా అక్షరాలు సమానంగా వస్తున్నాయో లేదో పరిశీలించాను. ఒక మూల మసకబారితే లోపలి అద్దం పక్కకు జరిగిందని అనుమానించాలి. చేతి వణుకును సరిచేసే యంత్రం కూడా ఉందిందులో. బటన్ సగం నొక్కితే సన్నగా చప్పుడు చేసి బొమ్మ నిలబడాలి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. బూజు ఒక్కటే లోపం.

రెండవది, అవసరం. నా దగ్గర ఇప్పటికే 55–250 లెన్సు ఉంది. 400ను 250తో భాగిస్తే 1.6. అంటే కొంగ 1.6 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అయితే నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది. ఒక్కో ఫోటో 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు. చిన్న లెన్సుతో తీసిన ఫోటోను ఆ మేరకు కత్తిరించినా 3750 చుక్కల వెడల్పు, 2500 చుక్కల ఎత్తు మిగులుతాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు గల ఫోటో వేసుకోవచ్చు. నేను ఇంతవరకు గోడకు తగిలించినవేవీ అంతకంటే పెద్దవి కావు. ఈ లెక్క తేలేసరికి నా ఉత్సాహం సగం తగ్గింది.

మూడవది, భారం. నా పాత లెన్సు బరువు 375 గ్రాములు. ఇది 1380 గ్రాములు. కెమెరాతో కలిపితే రెండు కిలోలకు దగ్గరవుతుంది. కాగితం మీద చూస్తే ఇదేమంత బరువు అనిపిస్తుంది. తెల్లవారుజామున ఉప్పలపాడు వెళ్లి చూశాను. గుంటూరు దగ్గర ఆ ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. మొదటి పావుగంట రాజ్యమేలాను. గూడబాతు ముక్కుకింది సంచీ మీది మచ్చలు కూడా లెక్కపెట్టవచ్చు, అంత దగ్గరగా కనిపించింది. ఆ తరువాత ఎడమచెయ్యి దిగజారడం మొదలుపెట్టింది.

చేతితో పట్టుకుని తీసేటప్పుడు ఒక పాత లెక్క ఉంది. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో, సెకనులో అన్నో వంతుకంటే తక్కువ సమయంలో ఫోటో తీయాలి. నాలాంటి చిన్న సెన్సారు కెమెరాకు దాన్ని మళ్లీ 1.6తో హెచ్చవేయాలి. అంటే సెకనులో 640వ వంతు. వణుకు సరిచేసే యంత్రం ఉంటే కొంత వెసులుబాటు వస్తుంది. అది సరిచేసేది మన చేతి వణుకును మాత్రమే, ఎగిరే పక్షి కదలికను కాదు. స్టాండు మీద పెడితే సుఖమే. ఆ స్టాండును మోసేదెవరు? ఆ రోజు రెండు వందల ఫోటోలు తీస్తే మూడు నిలిచాయి. భుజం నొప్పి నాలుగు రోజులు నిలిచింది.

నాలుగవది, నిర్వహణ. తయారీ ఆగిన లెన్సుకు విడిభాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతుంది. కొన్నవాడు దాన్ని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. వారానికోసారైనా బయటకు తీసి వాడాలి. వాడకం లేని వస్తువును కాలువకు పట్టిన గుర్రపుడెక్కలాగా బూజు కమ్మేస్తుంది.

అయిదవది, ధర. పాత కెమెరాలు కొని అమ్మే ఇద్దరిని విడివిడిగా అడిగాను. నాది ఏమీ కాదన్నట్టు అడిగితేనే నిజం చెబుతారు. మచ్చలేనిదైతే ముప్పై అయిదు వేలదాకా పలుకుతుందన్నారు. బూజు శుభ్రం చేయడానికి ఒక మెకానిక్ అయిదు వేలు చెప్పాడు. ఆ ఖర్చూ, మచ్చ పోకపోవచ్చుననే అనుమానానికి మరికొంతా తీసేస్తే ఇరవై ఎనిమిది వేలు న్యాయమైన ధర అని తేల్చాను.

కాగితం ముందు పెట్టుకుని చూస్తే విషయం స్పష్టమైంది. లెన్సు మంచిదే, ధరా న్యాయమే, కాని నా భుజానికీ నా గోడకూ అది అవసరం లేదు. వారం గడిచాక చెల్లెమ్మ దగ్గరకు వెళ్లి టార్చి వేసి ఆ బూజు చూపించాను. లెక్కంతా చెప్పాను. "నేను కొనను తల్లీ, కొనేవాణ్ణి తెస్తాను" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయన పోయాక ఇద్దరు వచ్చి అడిగారు అన్నయ్యగారూ. ఒకరు ఎనిమిది వేలన్నారు, ఒకరు పది అన్నారు. పోనీ మీకైతే ఊరికే ఇచ్చినా ఫర్వాలేదనుకున్నాను" అన్నది.

నేను పదిహేను అనబోయిన సంగతి ఆమెకు అప్పుడు చెప్పలేకపోయాను. ఈరోజు ఆమె ఈ సభలోనే కూర్చుని ఉన్నది కనుక చెప్పేశాను.

నెల తిరగకముందే పక్షుల పిచ్చి ఉన్న ఒక యువ ఉపాధ్యాయుడు దొరికాడు. బూజు సంగతి ముందే చెప్పి చూపించాం. ఇరవై ఎనిమిది వేలకే తీసుకున్నాడు. ఆదివారాలు చెరువుల వెంట తిరుగుతున్నాడట. లెన్సుకు మళ్లీ వెలుగు దొరికింది.

చివరగా ఒక్క మనవి. మన ఇళ్లల్లో ఇలాంటి వస్తువులు ఎన్నో ఉంటాయి. కెమెరా, వీణ, పాత రేడియో, సర్వే పరికరాలు. వాటి విలువ మనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. పింఛను కాగితాలు, నామినేషన్లు ఎక్కడున్నాయో రాసిపెట్టమని మన సంఘం ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. ఆ పుస్తకంలోనే ఇంకో పేజీ తీయండి. వస్తువు పేరు, కొన్న సంవత్సరం, ఇచ్చిన డబ్బు, ఇప్పుడు సుమారు ఎంత వస్తుంది, ఎవరిని అడిగితే నిజం చెబుతారు అనే అయిదు మాటలు రాయండి. ఏడాదికోసారి సరిదిద్దండి. మన తదనంతరం మన ఆడవాళ్లు "మీరు ఎంత చెబితే అంత" అనవలసిన అవసరం రాకూడదు.

మొన్న మా ఆవిడను కూర్చోబెట్టుకుని నా పేజీ రాశాను. అంతా విని, "ఆ 55–250కి ఎంతొస్తుంది?" అని అడిగింది. నేనింకా వాడుతున్నానని గుర్తు చేయవలసి వచ్చింది.