సంకెల వేరు, కాడి వేరు

(కోల్‌కతాలో మన సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను పండితుణ్ణి కాను. ఇంటర్ పాసై ఈఎంఈలో చేరి, రికవరీ పని చేసి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. తాళ్ళు, గొలుసులు, కొక్కేలతోనే నా సర్వీసంతా గడిచింది. అందుకని కట్టేసే వస్తువుల పేర్లు ఇంగ్లీషులోనూ మన భాషలోనూ ఎట్లా వేరే అర్థాల్లోకి వెళ్ళాయో నాలుగు మాటలు చెబుతాను.

బురదలో దిగబడిన బండిని లాగాలంటే వైర్ రోపును బండికి షకిల్‌తో తగిలిస్తాం. వంచిన ఇనుము, అడ్డంగా ఒక పిన్ను, అంతే. అదే మాట డిక్షనరీలో చూడండి, సంకెల అని ఉంటుంది. 'షకిల్స్ తెంచుకోవడం' అంటే బానిసత్వం వదిలించుకోవడం. అదే పేరు గల ఇనుము మనిషి కాలికి వేస్తే నడక ఆగుతుంది, బండికి వేస్తే బండి కదులుతుంది.

మన ఆఫీసు లెటర్లలో 'ఎక్స్‌పెడైట్' అని రాయని రోజు లేదు గదా! దాని లాటిన్ మూలానికి అర్థం కాళ్ళను బంధంలోంచి విడిపించడం. 'ఇంపీడ్' దానికి ఎదురు, అంటే కాళ్ళకు బంధం వేయడం. రోమన్ సైన్యం తన సామానునే 'ఇంపెడిమెంటా' అనేది. పిఠూ వేసుకుని రూట్ మార్చ్ చేసినవాళ్ళకు ఆ పేరెందుకు వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. 'ఫెటర్'లో ఉన్నది పాదం, 'మానకిల్'లో ఉన్నది చెయ్యి. హిందీలో బేడీ కాలికి వేసేది, చేతికి వేసేది హథ్‌కడీ. మన తెలుగులోకి వచ్చేసరికి బేడీలు చేతులకెక్కాయి.

మైదాన్‌లో మౌంటెడ్ పోలీసుల గుర్రాలను మీరంతా చూసే ఉంటారు. చేతిలో పట్టుకునే పగ్గం 'రెయిన్'. దవడ కింద గొలుసుతో బిగించే కళ్ళెం 'కర్బ్'. ఇంగ్లీషు పేపరు ధరలను 'కర్బ్' చేస్తారంటుంది, మన పేపరు ధరలకు కళ్ళెం అంటుంది. పార్టీ పగ్గాలు ఫలానాయన చేపట్టాడంటాం, పొగరుబోతుకు ముకుతాడు వెయ్యాలంటాం. 'ఫ్రీ రెయిన్' అంటే పగ్గం వదులు చేయడం. కాకపోతే గుర్రమెక్కే రోజులు పోయి, చాలామంది దాన్ని రాజ్యపాలన అనే అర్థమొచ్చే స్పెల్లింగుతో రాసేస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కాడిని ఇంగ్లీషులో 'యోక్' అంటారు. వాళ్ళ భాషలో యోక్ విసిరేశారంటే స్వేచ్ఛ సంపాదించుకున్నారని మెప్పు. మన ఊళ్ళో ఫలానావాడు కాడి వదిలేశాడంటే బాధ్యత ఎగ్గొట్టాడని తిట్టు. వస్తువు ఒకటే, ఒకరికి విముక్తి, ఇంకొకరికి సిగ్గుచేటు. ఆ యోక్‌కూ సంస్కృతంలోని యోగానికీ మూలం ఒక్కటే. మనం పొట్టకూటికి చేసే ఉద్యోగంలో కూడా ఆ యోగమే ఉంది.

మనం ఉంటున్న ఈ బెంగాల్‌లో ఇంకో విచిత్రం. శృంఖల్ అంటే సంకెల. చివర దీర్ఘమిచ్చి రాస్తే, శృంఖలా అంటే క్రమశిక్షణ! మన బంధువు చుట్టమైతే, వీళ్ళ బొంధు స్నేహితుడు. రెండింట్లోనూ ఉన్నది కట్టడమే.

ఇదంతా మాటల సరదాకు చెప్పడం లేదు. మన పిల్లలు కొందరు 'ఫౌజు అంటే సంకెళ్ళు, అడుగు తీసి అడుగు వెయ్యాలన్నా ఆర్డరు కావాలి' అంటున్నారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే లాభం లేదు, తేడా చెప్పాలి. అలీపూర్ పాత సెంట్రల్ జైలు 2022 నుంచి మ్యూజియంగా ఉంది. నేతాజీ, నెహ్రూ ఉన్న చోటు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. అక్కడ మనిషిని బంధించింది కదలకుండా చేయడానికి. కాడి కట్టేది కదిలించడానికి, అదీ ఇద్దరిని కలిపి.

మన రాజ్యాంగం 33వ అధికరణ ప్రకారం సైనికుల ప్రాథమిక హక్కులకు పార్లమెంటు హద్దులు పెట్టవచ్చు. ఎందుకో కూడా అందులోనే ఉంది. విధులు సరిగా జరగడానికి, క్రమశిక్షణ నిలవడానికి. కారణం చెప్పి మెడ మీద పెట్టింది గనుక అది కాడి. కారణం లేకుండా వేస్తే సంకెలే అవుతుంది. ఖైదీల విషయంలోనూ సుప్రీంకోర్టు ఇదే చూసింది. 1978లో సునీల్ బాత్రా కేసులో కాళ్ళ బేడీల గురించి, 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చేతి బేడీల గురించి, అలవాటుగా వెయ్యకూడదు, తగిన కారణం ఉండాలి అంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం కొన్ని తీవ్ర నేరాల్లో బేడీలను అనుమతించింది గానీ, నేరాన్ని, దాని తీవ్రతను చూసి వెయ్యాలంది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. జవాను మీద పగ్గం మీ చేతిలో ఉంది. ఎందుకు బిగిస్తున్నారో ఒక్క ముక్క చెప్పి బిగించండి. కారణం తెలిసినవాడు బరువు లాగుతాడు, తెలియనివాడు తాడు తెంపాలని చూస్తాడు.

రిటైరైన అన్నలకు ఇంకో మాట. మన మెడ మీద కాడి దిగింది. దాన్ని తెచ్చి ఇంట్లో ఆడవాళ్ళ మీదా, కోడళ్ళ మీదా, మనవల మీదా పెట్టకండి. పొద్దున్నే ఫాలిన్ వాళ్ళకు అక్కర్లేదు. పొరుగున ఒక వీరనారి పెన్షన్ కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, ఆ కాడికి మనం మెడ ఇవ్వొచ్చు. ఆ పని మనకు చేతనవును.

 జై హింద్!