క్లెయిము కాగితంలో జబ్బు పేరు పూర్తిగా ఉండాలి

(రోగుల బంధువుల కొరకు చేసిన ప్రసంగ పాఠం)



డిశ్చార్జి రోజున అందరికీ తొందరే. సమ్మరీ కాగితం మడిచి సంచిలో పెట్టుకొని బిచ్కుంద బస్సు ఎక్కేస్తారు. క్లెయిము తిరస్కరించినట్లు బీమా కంపెనీ నుండి ఉత్తరం వచ్చినప్పుడే అది మళ్ళీ బయటికి వస్తుంది. ఆ కాగితంలో 'రోగ నిర్ధారణ' అని ఒక చోటుంది. ఈరోజు దాని గురించే చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకు ఒక అక్షరం, కొన్ని అంకెలు కలిపి కోడ్ ఇచ్చింది. దీన్ని ఐ.సి.డి. అంటారు. క్లెయిము ఫారంలో ఆసుపత్రివారు నింపే భాగంలో ఐ.సి.డి.-10 కోడ్ రాయాలి. డాక్టరుగారు రాసిన జబ్బు పేరును బట్టే కోడ్ పడుతుంది.

జ్వరం సంగతి చూడండి. ఉత్త 'జ్వరం' అని రాస్తే ఆర్ 50.9, అంటే కారణం తేలని జ్వరం. పరీక్షలో టైఫాయిడ్ అని తేలితే ఏ 01.0. కేవలం పరీక్షల కోసం చేరితే డబ్బు ఇవ్వబోమని బీమా పాలసీలలో షరతు ఉంటుంది. రిపోర్టులో టైఫాయిడ్ ఉండి, సమ్మరీలో జ్వరం అని మాత్రమే మిగిలితే, ఆ షరతు చూపించడానికి కంపెనీకి వీలు దొరుకుతుంది.

షుగరు రోగి కాలిపుండు కూడా అంతే. 'షుగరు' అని మాత్రమే రాస్తే ఇతర చిక్కులు లేని షుగరు, ఇ 11.9 అవుతుంది. మాత్రలతో పోయేదానికి పది రోజులు మంచం ఎందుకని వాళ్ళు అడుగుతారు, అడగడం న్యాయమే. షుగరు వలన రక్త ప్రసరణ తగ్గి పుండు పడిందని రాస్తే ఇ 11.5. ఎముక విరిగితే ఏ ఎముక, ఏ చోట, కుడియా ఎడమా, ఎలా పడ్డారు అన్నవి ఉండాలి.

అయితే లేని జబ్బు రాయమని, ఉన్న షుగరు దాచమని డాక్టరుగారిని అడగవద్దు. కంపెనీవారు కేసు షీటు, పాత మందుల చీటీలు తెప్పించి చూస్తారు. అబద్ధం తేలితే పాలసీయే రద్దు కావచ్చు. 2024 నిబంధనల ప్రకారం పాత జబ్బులకు వేచి ఉండే కాలం మూడేళ్ళకు మించరాదు. పాలసీ తీసుకునేటప్పుడే నిజం చెప్పినవారికి ఆ తరువాత భయం లేదు.

ఆరోగ్యశ్రీ వేరు. 2007లో మొదలైన ఈ పథకంలో మన తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయల వరకు వైద్యం ఉంది. జబ్బు, చికిత్స పథకంలోని ప్యాకేజీకి సరిపోవాలి, ముందుగా అనుమతి రావాలి. కనుక చేరిన రోజే ఆరోగ్యమిత్రను కలవండి.

బిల్లు కట్టేలోగా సమ్మరీ చదివించుకోండి. చదువు రాకపోతే సిస్టరుగారిని అడగండి, ఇందులో సిగ్గేమీ లేదు. రిపోర్టుకు, రాతకు తేడా ఉంటే డాక్టరుగారే దిద్ది సంతకం చేయాలి. మీ పెన్నుతో ఒక్క గీత కూడా పెట్టవద్దు.

క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకొని, డాక్టరుగారి వివరణ లేఖ జతచేసి కంపెనీకే ఫిర్యాదు పంపండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.