మాల తీసిన మర్నాడు



మా లెక్కల మాస్టారి పేరిట ఈ సభలో మాట్లాడమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ఎర్రసిరా కలం. లెక్క తప్పితే పేజీ అడ్డంగా కొట్టేసేవారు కారు. ఏ మెట్టు దగ్గర తప్పిందో వెతికి, అక్కడ చిన్న సున్నా చుట్టి, "ఇక్కడిదాకా బాగానే వచ్చావురా" అనేవారు. తాగుడు మానాలని వచ్చే కుర్రాళ్లతో 30 ఏళ్లుగా మాట్లాడుతున్నాను. ఆ సున్నా విలువ నాకు అక్కడే తెలిసింది.

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు నా దగ్గర రెండు మాటలంటారు. "నేనింతేనండీ, మా నాన్నా ఇంతే" అనేది ఒకటి. "ఎప్పుడనుకుంటే అప్పుడు మానేస్తా, ముందు ఉద్యోగం రానివ్వండి" అనేది రెండోది. ఒకటి నిరాశ, ఒకటి ధీమా. ఈ రాత్రికి మాత్రం మానక్కర్లేదని రెండూ చెబుతాయి. నాకు ధీమా అంటేనే ఎక్కువ భయం. నిరాశపడ్డవాడు తనంతట తాను వస్తాడు, రెండోవాణ్ణి తల్లి బతిమాలి తీసుకురావాలి.

కార్తీకంలో మన వీధులు చూడండి. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు 41 రోజులు మందు ముట్టడు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. నిన్నటిదాకా గ్లాసు అందించిన స్నేహితులే "స్వామీ" అని పిలుస్తారు. మాల తీసిన మర్నాడు మళ్లీ మొదలు! "మానగలిగావు కదయ్యా" అంటే, "అది స్వామి మహిమండీ, నాదేముంది" అంటాడు. భక్తిని నేను తక్కువ చేయను. కానీ 41 సాయంత్రాలు వైన్‌షాపు వైపు పోకుండా కాళ్లను తిప్పుకున్నది అతనే. అది తన ఖాతాలో వేసుకోడు. చేయగలనన్న నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం తాను ఇదివరకు చేసి చూసిన పనేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో రాశాడు.

ఆగలేనన్న నమ్మకానికీ బలముంది. అమెరికాలో మనస్తత్వవేత్త అలన్ మార్లట్ బృందం 1973లో ఒక ప్రయోగం ప్రచురించింది. తాగుడుకు బానిసలైనవాళ్లకూ, సరదాకు తాగేవాళ్లకూ టానిక్ నీళ్లో, వోడ్కా కలిపిన టానిక్కో ఇచ్చి రుచి చెప్పమన్నారు. కొందరికి వోడ్కా ఉన్నా లేదన్నారు, కొందరికి లేకపోయినా ఉందన్నారు. ఉందని నమ్మినవాళ్లే ఎక్కువ తాగారు, గ్లాసులో నిజంగా ఏమున్నా సరే. "చుక్క పడితే ఆగలేను" అనే మాటలో చుక్క పాత్ర ఎంత, నమ్మకం పాత్ర ఎంత? మార్లట్ మరొకటీ గమనించాడు. మానేస్తానని ఒట్టు పెట్టుకున్నవాడు ఒక్కసారి జారితే, "వ్రతం చెడింది, ఇక ఎంతైతేనేం" అనుకుని సీసా ఖాళీ చేస్తాడు. జారినందుకు ఆ సాయంత్రాన్ని కాక తన పుట్టుకనే తప్పుపడతాడు.

ఒక్క మాట తల్లులకు చెప్పాలి. రోజూ విపరీతంగా తాగి, పొద్దున్నే చేతులు వణికే దశకొచ్చినవాడికి నమ్మకం ఒక్కటే చాలదు. ఉన్నట్టుండి ఆపితే రెండుమూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మాల వేయించేముందు డాక్టరుకు చూపించండి.

మిగతావాళ్లు జారి, తలవంచుకుని వచ్చినప్పుడు ఆ సాయంత్రాన్ని కాగితం మీద వరసగా రాయిస్తాను. మొన్న ఒకబ్బాయి రాశాడు: జీతం పడింది, మధ్యాహ్నం తినలేదు, ఆరున్నరకు వైన్‌షాపు ఎదుట బస్సు దిగాను. చదువుకుని కాసేపు ఊరుకున్నాడు. "ఒక స్టాపు ముందే దిగి నడవొచ్చేమో సార్" అన్నాడు. "బస్సు దిగాను" అన్నచోట సున్నా చుట్టి, కాగితం అతని చేతికిచ్చాను.