ఇటుకను ఎలా పెట్టినా అంతే

ఒక ఇటుకకు తాడు కట్టి బల్లమీద లాగి చూడండి. ముందు వెడల్పుగా పడుకోబెట్టి, తర్వాత పక్కకు తిప్పి నిలబెట్టి. ఆనే చోటు తగ్గింది కాబట్టి లాగడం సులువవ్వాలి అనిపిస్తుంది. అవదు! రెండుసార్లూ దాదాపు ఒకే బలం పెట్టాలి.

ఫ్రాన్సులో అమోంటన్ అనే శాస్త్రవేత్త 1699లో ఈ మాట చెప్పాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే లియొనార్డో డావిన్సీ గమనించాడు గానీ, తన నోటు పుస్తకాల్లోనే దాచేసుకున్నాడు.

కారణమేమిటి? ఎంత నున్నటి తలమైనా సూక్ష్మంగా చూస్తే ఎత్తుపల్లాలే. రెండు తలాలు నిజంగా తాకేది ఆ ఎత్తుల కొనల దగ్గర మాత్రమే. ఇటుకను నిలబెడితే అడుగు చిన్నదవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, కొనలు మరింత నలుగుతాయి. చివరికి అసలైన స్పర్శ వైశాల్యం బరువును బట్టే ఉంటుంది, లాగడానికి అడ్డుపడే ఘర్షణ ఆ వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ ఇది.

మరి గరుకు పూర్తిగా తీసేస్తే ఘర్షణ పోతుందా? పోదు. గాలిలేని చోట, బాగా శుభ్రమైన లోహపు తలాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా. ఇక ఆనే చోటు మారినా ఘర్షణ మారదన్న నియమానికి రబ్బరు సరిగా లొంగదు. రేసు కార్లకు వెడల్పాటి టైర్లు వేయడానికి అదీ ఒక కారణం.