పసుపు పాలియో: రంగు మార్చకుండా ఏమేం మార్చాను?

పోయిన వీడియోలో నేను బ్రేక్ ప్యాడ్ల గురించి చెబుతుంటే మీలో సగంమంది నా వెనకాల ఆగి ఉన్న కారునే చూశారు. "అన్నా, ఆ పసుపు కారేంటి?", "ట్యాక్సీనా బ్రో?" అని ఒకటే అడగడం. ట్యాక్సీ కాదు. ఫియట్ పాలియో 1.6, 2003 మోడల్, ఏపీ 11 నంబర్, మలక్‌పేట ఆర్టీఏలో రిజిస్టర్ అయిన బండి. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

చాలామంది పాలియో రోడ్డు మీద తిరగడం చూసి ఉండరు. కొంచెం చరిత్ర చెప్పేస్తా. 1996లో బ్రెజిల్‌లో మొదలైన కారు ఇది. ఒకే డిజైన్‌ని బ్రెజిల్, టర్కీ, ఇండియా లాంటి చాలా దేశాల్లో తయారుచేసి అమ్మాలన్నది ఫియట్ ప్లాన్. మన దగ్గరికి 2001లో వచ్చింది, ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో తయారైంది. అప్పట్లో హ్యాచ్‌బ్యాక్ అంటే చిన్న ఇంజిన్, మంచి మైలేజీ. ఫియట్ వాళ్లేమో 1.6 లీటర్, 16 వాల్వులు, 100 హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్ తెచ్చి పెట్టారు. యాడ్‌లో సచిన్. ఆయన సంతకంతో ఎస్10 అని ఒక లిమిటెడ్ ఎడిషన్ కూడా వచ్చింది. నాది అది కాదు, ముందే చెబుతున్నా, మళ్లీ సంతకం ఎక్కడ అని అడగొద్దు. 2002లో షూమాకర్ చేతుల మీదుగా సచిన్‌కి అందిన ఆ ఎర్ర ఫెరారీ కథ కూడా ఈ ఫియట్ స్నేహం నుంచి వచ్చిందే.

మరి ఎందుకు ఆడలేదు? మైలేజీ. నాకు దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో లీటరుకి తొమ్మిది వస్తే పండగే. కానీ ఎల్‌బీ నగర్ దాటి, హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కాక స్టీరింగ్ పట్టుకుంటే తెలుస్తుంది. బరువైన బండి, రోడ్డుకి అతుక్కుని పోతుంది. ఇప్పటి కార్లలో టచ్ స్క్రీన్ ఉంటుంది, ఆ ఫీల్ మాత్రం తక్కువ. నా అభిప్రాయం ఇది, కొట్టుకోవడాలు వద్దు.

ఈ కారు మా బాబాయ్‌ది. కొత్తగా కొన్నాడు. ఇంట్లో అందరూ వెండి రంగు తీసుకో, రీసేల్ ఉంటుందంటే వినకుండా పసుపు తెచ్చాడు. కొత్తపేటలో మా వీధిలో "పసుపు బండి వాళ్లిల్లు" అంటే చాలు, అడ్రస్ దొరికేది. ఇప్పుడు మెట్రో పిల్లర్ నంబర్ చెబుతున్నాం కానీ, అప్పుడు మాకు ల్యాండ్‌మార్క్ ఆ కారే. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక నాకు ఇచ్చేస్తూ ఒకటే మాటన్నాడు: "ఏమన్నా చేసుకో రా, రంగు మాత్రం ముట్టుకోకు."

సమస్య అక్కడే వచ్చింది. రెండేళ్ల కింద చైతన్యపురి దగ్గర రాత్రిపూట ఒక వాటర్ ట్యాంకర్ ఎడమవైపు గీసుకుంటూ పోయింది. ముందు ఫెండర్ నొక్కుకుపోయింది, డోర్ మీద మూరెడు గీత. మొదట చూపించిన షెడ్‌లో కుర్రాడు, "అన్నా, ఈ కలర్ మ్యాచ్ కాదు. ఫుల్ బాడీ గ్రే కొట్టేద్దాం, జర్మన్ కార్ లెక్క కొడ్తది" అన్నాడు. ఇంకోచోట స్టిక్కర్ ర్యాప్ వేద్దామన్నారు. ఇంట్లోనేమో స్క్రాప్‌కి ఇచ్చేసి ఏదైనా ఎలక్ట్రిక్ బండి తీసుకోమన్నారు. బాబాయ్ ఏమీ అనలేదు. వరండాలో కూర్చుని ఆ డోర్‌నే చూస్తుండేవాడు. ఆయన తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

ఇక్కడ పెయింట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, పాత బండి ఉన్నవాళ్లకి పనికొస్తుంది. కంపెనీ కలర్ కోడ్ ఇస్తే మిక్సింగ్ షాపులో డబ్బా కలిపి ఇస్తారు. కానీ ఆ కోడ్ 2003లో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు రంగుది. ఇరవై ఏళ్లు హైదరాబాద్ ఎండలో నిలబడ్డ రంగు అది కాదు. పసుపు మరీ మోసం చేస్తుంది. బానెట్, రూఫ్ ఎక్కువ వెలిసిపోతాయి, డోర్లు తక్కువ. పెట్రోల్ మూత తెరిచి లోపల చూస్తే అసలు రంగు ఇంకా అలాగే ఉంటుంది. మీ బండికీ తెరిచి చూడండి, ఆశ్చర్యపోతారు.

సరూర్‌నగర్ గల్లీలో ఒక పెద్దాయన దొరికాడు. అందరూ చాచా అంటారు. బోర్డు కూడా లేదు. ఆయన డబ్బా ముట్టుకోలేదు ముందు. రబ్బింగ్ కాంపౌండ్‌తో మంచి డోర్‌ని చిన్నగా రుద్ది, దుమ్ము, పాత మైనం పోయాక అసలు ఏ రంగుందో చూశాడు. కోడ్ ప్రకారం తెప్పించిన పసుపులో ఒక్కో చుక్క తెలుపు, ఒక్కో చుక్క ఎరుపు వేస్తూ, రేకు ముక్కల మీద కొట్టి ఆరబెట్టాడు. తడిగా ఉన్నప్పటి రంగు వేరు, ఆరాక వేరు. పదకొండు ముక్కలయ్యాయి. పొద్దున ఎండలో ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి డోర్ పక్కన పెట్టి చూడమన్నాడు. "ట్యూబ్‌లైట్ కింద చూడకు బేటా, అన్నీ ఒక్కటే కొడ్తయ్." ఏడో ముక్క ఓకే అయ్యింది. ఫెండర్‌కి పూర్తిగా కొట్టి, డోర్ మధ్యదాకా పల్చగా కలుపుకుంటూ పోయి, పైన క్లియర్ కోటు మొత్తం డోర్‌కి వేశాడు. అలా చేస్తే పాతది ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో గీతలా కనబడదు. ఇప్పటికీ మధ్యాహ్నం వెనక నుంచి వంగి చూస్తే నాకు తెలుస్తుంది. బాబాయ్‌కి తెలియలేదో, తెలిసినా చెప్పలేదో. వేలితో ఫెండర్ మీద తట్టి "చాయ్ పెట్టమను" అన్నాడు అంతే.

ఇక మోడిఫికేషన్. నా రూల్ సింపుల్: ఏది మార్చినా పాతది డబ్బాలో పెట్టి అటక మీద ఉండాలి, ఒక్క ఆదివారంలో మళ్లీ బిగించగలగాలి. బాడీ కోయడం, వెల్డింగ్ అసలే లేదు.

వీల్స్ కంపెనీవాటికంటే ఒక్క ఇంచ్ పెద్దవి. టైర్ బయటి సైజు దాదాపు పాతదే ఉండేలా చూసుకున్నా, లేకపోతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. ఇక్కడ ఒక డేంజర్ ఉంది, జాగ్రత్తగా వినండి. స్విఫ్ట్, సిటీ లాంటి కార్ల అల్లాయ్స్‌కి నాలుగు రంధ్రాలు 100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. ఫియట్‌కి 98. రెండు మిల్లీమీటర్లే కదా అని షాపులో బలంగా బిగించేస్తారు, బోల్టు కూడా ఎక్కుతుంది. కానీ సీటు సరిగ్గా కూర్చోదు. స్పీడ్‌లో వణుకుతుంది, మెల్లగా లూజవుతుంది. ఔటర్ మీద వీల్ ఊడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. 98వే వెతికి కొనండి, టైమ్ పట్టినా సరే.

సస్పెన్షన్ తగ్గించలేదు. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు చూశారుగా, కొన్ని గోడల్లా ఉంటాయి. కొత్త బుష్‌లు, కొత్త షాక్ అబ్జార్బర్లు, అంతే. నిజం చెప్పాలంటే పాత కారుకి వీటికి మించిన పర్ఫార్మెన్స్ అప్‌గ్రేడ్ లేదు. హెడ్‌లైట్లకి కంపెనీ వాటేజీ బల్బులే ఉంచి, విడిగా రిలే వైరింగ్ ఇచ్చా. పాత స్విచ్ మీద లోడ్ తగ్గి వెలుతురు బాగా పెరిగింది. సైలెన్సర్ స్టాక్. మోడిఫైడ్ సైలెన్సర్లు పట్టుకుని రోడ్ రోలర్ కింద తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. నల్ల ఫిల్మ్ లేదు, 2012లోనే సుప్రీంకోర్టు అద్దాల మీద ఫిల్మ్ వద్దంది. 2019లో ఇంకో తీర్పులో, కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని చెప్పింది. ఆర్సీలో రంగు కూడా రాసి ఉంటుంది. గ్రే కొట్టేస్తే అదీ ఆర్టీఏలో మార్పించుకోవాల్సిందే, షెడ్ వాళ్లు ఈ సంగతి చెప్పరు.

పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. 2003లో తయారైన రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు, ఉబ్బి పగులుతాయి. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించా. బండిని నెలల తరబడి కదలకుండా ఉంచను. వారానికోసారి కనీసం నాగోల్ దాకా అయినా తిప్పుతా. పెట్రోల్ వాసన వస్తే మాత్రం స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

పార్ట్‌లు రాణిగంజ్, పుత్లీబౌలిలో కొన్ని దొరుకుతాయి. మిగతావాటికి బ్రెజిల్ వాళ్ల వీడియోలు చూస్తా. పోర్చుగీస్ ఒక్క ముక్క రాదు కానీ, స్పానర్ ఏ బోల్టు మీద పెట్టాడో అర్థం కావడానికి భాషెందుకు.

అసలు టెన్షన్ మాత్రం 2028. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్. 2018లో దాని ఫీజు 600 రూపాయలు. 2023లో 5,000. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. డబ్బు ఎలాగోలా కడతాం, ఫిట్‌నెస్‌లో పాస్ కావాలి కదా. ఇన్‌స్పెక్టర్ ముందు ఇండికేటర్ నుంచి హ్యాండ్ బ్రేక్ దాకా ప్రతిదీ పని చేయాలి. నా బండికి ఎడమ వెనక లైట్ కప్పు పగిలి ఉంది, ప్రస్తుతానికి లోపలి నుంచి అతికించా. వానొస్తే నీళ్లు చేరుతున్నాయి.

కాబట్టి మీ ఊళ్లో, మీ మెకానిక్ షెడ్ వెనకాల, ఏదైనా పాత పాలియో దుమ్ము కొట్టుకుని పడి ఉంటే ఆ టెయిల్ ల్యాంప్ ఫొటో తీసి పంపండి. పాత మోడల్‌ది, ఎడమవైపుది. రంగు ఏదైనా పర్లేదు. వచ్చే వీడియోలో టైమింగ్ బెల్ట్ మార్చడం చూపిస్తా. ఉంటా మరి.