ఊరు పేరు చెప్పని పిలుపు



సూరతు నగరమున కాపురమున్న తెలుగు కుటుంబమునకు అపరిచితమైన సంఖ్యనుండి వచ్చు టెలిఫోను పిలుపు రెండు విధములైన భయమును గొల్పును. ఎత్తినచో ఆవల నున్నవాడు మోసగాడేమో యను భయ మొకటి. ఎత్తకున్నచో స్వగ్రామమున ఎవరి కేమి వాటిల్లెనో యను భయము రెండవది. పత్రికలలోని హితబోధలు మొదటి భయమునే యెరుగును. తెలియని సంఖ్య కనబడినచో ఎత్తవద్దని అవి ఒక్కమాటతో తేల్చివేయును. అన్నదమ్ములు వీధి కావలి ప్రక్కనే యుండగా సొంత యూర బ్రదుకువారికి ఆ మాట చెల్లును. వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని వచ్చి లింబాయతు పరిసరములలో నిలిచిన పద్మశాలి కుటుంబమునకు గాని, బదిలీపై వచ్చిన కేంద్రప్రభుత్వోద్యోగికి గాని అది చెల్లదు. ముసలితండ్రి పొలముగట్టున పడిపోయినపుడు ఆ వార్త తెచ్చు సంఖ్య ఆసుపత్రిలో ప్రక్క మంచమువానిది కావచ్చును, అంబులెన్సు నడుపువానిది కావచ్చును. "కాకా, బాపుకు బాగలేదు, జల్ది రా" అను ఆ మాట విననివాడు ఆ రాత్రి నవజీవన్ ఎక్స్‌ప్రెస్సును పోగొట్టుకొనును. ఒక్కొక్కప్పుడు కడసారి చూపును గూడ పోగొట్టుకొనును.

కావున ఇట్టి యిండ్లలో పిలుపు నెత్తుటయా మానుటయా యనునది అసలు ప్రశ్న కాదు. ఎత్తిన పిమ్మట ఆవలి కంఠమునకు ఎంతవరకు లోబడవలెను అనునదియే ప్రశ్న.

పూర్వ మీ చిక్కు లేకుండెను. మన దేశమున 1882లో టెలిఫోను ఎక్స్చేంజీలు తెరువబడిన నాటినుండి చాలకాలము పిలుచువానికిని వినువానికిని నడుమ ఒక మనుష్యుడుండెడివాడు. ట్రంకు కాలు వచ్చినచో ఆపరేటరు ముందుగా ఏ యూరినుండియో చెప్పి పిదప కలుపుచుండెను. 1960లో కాన్పూరు, లక్నోల నడుమ ఎస్.టి.డి. మొదలైన పిమ్మట ఆ ద్వారపాలకుడు క్రమముగా తప్పుకొనెను. అయినను జనులు ముఖము కనబడని కంఠమును నమ్ముచునే యుండిరి. అందుకు కారణము కలదు. ఎస్.టి.డి. బూతులో నిలిచినవాడు ఎదుట తిరుగు అంకెలను చూచుకొనుచు, నిమిషమున కింత యని లెక్క కట్టుకొనుచు మాటలాడెడివాడు. అంత వ్యయపడి పనిలేనివాడెవ్వడును పిలువడు. నేడు పిలుపు దాదాపు ఉచితము. దినమునకు వందమందిని పిలిచి ఒక్కడు చిక్కినను లాభమే. మనుష్యులు చెడిపోయిరను ఉపన్యాస మనవసరము. ధర తగ్గినది, అంతియే.

సంఖ్యయే కనబడని పిలుపును గూర్చి కొంత చెప్పవలసియున్నది. తన సంఖ్యను దాచుకొను సౌకర్యము భారతదేశమున సామాన్య చందాదారున కీయబడదు; విశేషానుమతితో కొలదిమందికే లభించును. కావున సంఖ్య లేక వచ్చు పిలుపు బహుశః విదేశమునుండి గాని ఇంటర్నెట్టు మార్గమున గాని వచ్చినదై యుండును. ఎత్తినవానికి దాగినను టెలిఫోను సంస్థ పద్దులలో అది వచ్చిన జాడ యుండును. అర్ధరాత్రి స్త్రీలను పిలిచి బెదరించు వారి విషయమున ఇది గుర్తుంచుకొనదగినది. తేదీ, వేళ వ్రాసియుంచుకొని పోలీసులకు తెలుపవలెను. పేరును, నివాసమును దాచి బెదరించువానికి అధిక శిక్ష విధించు నిబంధన 1860 నాటి శిక్షాస్మృతిలోనే, అనగా టెలిఫోను పుట్టుటకు పదునారేండ్లు ముందే, చేర్చబడెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 351వ విభాగముగా అది నిలిచియున్నది.

సంఖ్య కనబడినంత మాత్రమున నమ్మవచ్చునా? అదియును గాదు. విదేశమునుండి పిలుచుచు తెరపై భారతీయ సంఖ్యనే చూపించు విద్య యొకటి బయలుదేరినది. 2024 అక్టోబరులో టెలికాం శాఖ దానిని పట్టి నిలుపు ఏర్పాటు నారంభింపగా, మొదటి ఇరువదినాలుగు గంటలలోనే 1.35 కోట్ల దొంగ పిలుపులు చిక్కెనని ప్రకటింపబడెను. వ్యాపార ప్రచారమునకు 140 శ్రేణి, బ్యాంకులకును ప్రభుత్వ సంస్థలకును 1600 శ్రేణి కేటాయింపబడినవి. సాధారణమైన పది అంకెల మొబైలునుండి "బ్యాంకు మేనేజరును" అని పలుకువానిని సందేహించుటకు ఇది చాలిన కారణము.

ఇచ్చట కూడిన సభ్యులకు ఈ విషయము మరియొక విధమున సన్నిహితము. మోసగాండ్రు అరువు తెచ్చుకొను పేర్లు వీరి కార్యాలయములవియే. పార్సెలులో మాదకద్రవ్యము దొరికినదని కస్టమ్సు పేరు, రెండు గంటలలో ఫోను నిలిపివేయుదుమని టెలికాం నియంత్రణ సంస్థ పేరు, ఆధారు సంఖ్యపై కేసు నమోదైనదని సి.బి.ఐ. పేరు చెప్పుదురు. పిదప వీడియోలో యూనిఫారము, వెనుకగోడపై రాజముద్ర, "డిజిటల్ అరెస్టు" అను మాట. అట్టి అరెస్టు ఏ చట్టమునను లేదు. 2024 అక్టోబరు 27న "మన్ కీ బాత్" ప్రసంగమున ప్రధానమంత్రి ఈ సంగతినే విశదపరచిరి. పోలీసులు హాజరు నోటీసును వాట్సాపు ద్వారా అందింపరాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పెను.

ముప్పదియేండ్లు ఫైళ్ళు నడిపినవాడు గూడ ఈ నాటకమునకు లోబడుట వింతగా తోచును. యోచించినచో వింత లేదు. పై యధికారి కంఠము వినబడగనే లేచి నిలుచుట అతనికి అలవాటు. "రహస్యము" అను ముద్ర పడిన కాగితమును ఇంట చెప్పకుండుట అతని ధర్మము. మోసగాడు "ఎవరికిని చెప్పవద్దు" అన్నపుడు ఇతరునకు అనుమానము కలుగవలసిన చోట అతనికి అది కార్యాలయ మర్యాదగా తోచును. విచారణ యనినంతనే పింఛను కన్నుల యెదుట కదలాడును. చదువులేని అమాయకులే మోసపోదురను తలంపు ఎంతమాత్రమును సరికాదు.

కాని ఆ ఉద్యోగికే తెలిసిన మరియొక సత్యము కలదు: ప్రభుత్వము కాగితముపై నడచును. ఆదాయపు పన్ను శాఖ పంపు ఉత్తరువులపై 2019 అక్టోబరు 1 నుండి ఒక గుర్తింపు సంఖ్య ఉండవలెనని నియమము. ఆ సంఖ్య నిజమైనదో కాదో ఆ శాఖ వెబ్‌సైటులో ఎవ్వరైనను చూచుకొనవచ్చును. అదే సంవత్సరము నవంబరునుండి కస్టమ్సు, జి.ఎస్.టి. శాఖలకును అట్టి యేర్పాటే. అంతకును తీరని సందేహమున్నచో ఆటోరిక్షా యెక్కి మజూరా గేటు వద్ద ఆదాయపు పన్ను కార్యాలయమునకు పోయి అడుగవచ్చును. పింఛనుదారులు జీవన ధ్రువపత్రము నిచ్చు నవంబరు మాసమున మరింత మెలకువ అవసరము. ఆ నెల యేదియో మోసగాండ్రకును తెలియును.

ఆచరణలో చేయదగినది కొంచెమే. పిలుపు నెత్తి వినవలెను. తన వివర మేదియు చెప్పక ముందు ఆవలివానినే పేరు, ఊరు, పని అడుగవలెను. పిదప పెట్టివేసి, ఇంట ముందే వ్రాసియున్న సంఖ్యకు తానే పిలిచి విచారింపవలెను. ఆవలివాడు ఇచ్చిన సంఖ్యకు పిలుచుట నిష్ప్రయోజనము. ఊరి వార్తయైనచో ప్రక్కింటివారినో, కిరాణా కొట్టువారినో అడిగినచో తేలిపోవును. నిజముగా ఊరినుండి పిలిచినవాడు ముందు "బయలుదేరి రా" అనును. మోసగాడు ముందు "పంపు" అనును. చికిత్సకు సొమ్ము నిజముగనే కావలసినపుడును ఈ విచారణకు అయిదు నిమిషములు చాలును. కంఠమును గూడ యంత్రముచే అనుకరించు కాలమిది; కనుక కుటుంబమువారు తమలో తాము ఒక గుర్తుమాట ఏర్పరచుకొనుట మంచిది. హిందీ సరిగా రాని తల్లులు అన్నింటికిని "హా జీ" అనుచుందురు. వారికి తెలుగులో "మా అబ్బాయి వచ్చినాక చేయండి" అని పెట్టివేయుట నేర్పినచో చాలును.

ఒక్కమారు మ్రోగి ఆగిన విదేశపు సంఖ్యకు తిరిగి పిలిచినచో ఖర్చే తప్ప ఫలము లేదు. *401* అని మొదలిడి ఒక సంఖ్యను నొక్కుమనువాడు ఆ ఫోనుకు రావలసిన పిలుపులను తనకు మళ్ళించుకొనువాడు, నొక్కరాదు.

సొమ్ము పోయినచో వెంటనే 1930కి పిలువవలెను, బ్యాంకునకు తెలుపవలెను. రహస్య సంకేతమును ఖాతాదారుడే చెప్పియున్నచో, తెలుపుటకు ముందరి నష్టము అతనిదనియు, తెలిపిన పిమ్మటిది బ్యాంకుదనియు 2017 జూలైలో రిజర్వు బ్యాంకు నిబంధన చేసెను. సిగ్గుపడి రెండు దినములు దాచుటచే పోవు ధనము, మోసముచే పోయినదానికంటె ఎక్కువ కావచ్చును. అట్టివానిని భార్యాబిడ్డలు నిందింపకుండుట గూడ ఈ వ్యవహారమున భాగమే.

ఇక ఉద్యోగి తానే ప్రజలను పిలువవలసివచ్చు సందర్భములు కలవు. పౌరుడు అనుమానించినచో కోపింపక, పేరు, హోదా, విభాగము చెప్పి, కార్యాలయపు టెలిఫోనుకు తిరిగి పిలువుడని కోరి పెట్టివేయవలెను. సూరతు కార్యాలయములలో 0261తో మొదలగు టెలిఫోనులు ఇంకను కలవు. అవి మ్రోగినపుడు ఎవరైన ఎత్తవలసియుండును.